రెండు రోజులు ముందు చెప్పిన శుభాకాంక్షలు

జర్మనీలో మూఢనమ్మకాలు ఉండవని నాకు చెప్పి పంపించిన పెద్దలందరికీ ఈ వ్యాసం.

చెప్పినవాళ్ళు సామాన్యులు కారు. మా సూర్యాపేట హేతువాద సంఘంలో నాలుక మీద కర్పూరం వెలిగించుకున్నవాళ్ళు, నిమ్మకాయలోంచి రక్తం కారేలా చేసి "ఇందులో మహిమ లేదు, రసాయనం ఉంది" అని బడి పిల్లలకు విప్పి చూపించినవాళ్ళు. వాళ్ళలో మా నాన్న ఒకరు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. గ్రహణం పట్టిన పూట వీధి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళందరికీ కనిపించేలా ఉప్మా తిన్న కుటుంబం మాది. ఉప్మా నాకు ఇష్టం లేదు. అయినా సిద్ధాంతం కోసం తిన్నాను.

నన్ను విమానాశ్రయానికి సాగనంపుతూ నాన్న కొంచెం జాలిగా అన్నారు: "నువ్వు పోయేది సైన్సు దేశానికి బిడ్డా. ఆడ నీకు వాదించేటందుకు ఒక్క మనిషి దొరకడు."

దొరికారు. దిగిన మొదటి వారాల్లోనే దొరికారు.

చదువు ముగించుకుని తిరిగొచ్చాక ఇక్కడ అందరూ మంచు ఎలా ఉంటుంది, జీతాలు ఎంత ఇస్తారు అని అడుగుతున్నారు. ఆ సంగతులు వేరేవాళ్ళు రాస్తారు. నేను ఆ మొదటి వారాల గురించే రాస్తాను. ఎందుకంటే ఆ తర్వాత ఆ దేశం నాకు అలవాటైపోయింది. అలవాటైపోయిన దేశం గురించి రాసేవాళ్ళు సగం చూడకుండానే రాస్తారు.

గార్చింగ్: గ్రేస్ గది

మ్యూనిక్‌లో యూ-బాన్ అనే మెట్రో రైలెక్కి ఉత్తరాన చివరిదాకా పోతే గార్చింగ్ వస్తుంది. మధ్యలో యూనివర్సిటీ, పరిశోధనా సంస్థలు, చుట్టూ మొక్కజొన్న చేలు. చేలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కంకులు కాల్చి అమ్మే మనిషి కోసం రోడ్డు వెంట వెతికాను. లేడు. ఆ పంటంతా పశువులకట. ప్రపంచానికి ఇంజన్లు చేసి పెట్టిన దేశం, కంకిని నిప్పుల మీద కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయా రుద్దుకోవడం మాత్రం కనిపెట్టలేదు.

ఇండియా నుంచే మాట్లాడి పెట్టుకున్న గది నేను దిగేసరికి చేజారింది. ఇంటాయన కొడుకే వచ్చి అందులో చేరాడు. అప్పుడు నన్ను ఆదుకున్నది గ్రేస్. నరసాపురం అమ్మాయి, పాస్టర్ గారి కూతురు, నా కోర్సే. అంతకుముందు మా పరిచయమంతా వాట్సాప్ గ్రూపులో దేవుడు ఉన్నాడా లేడా అని తిట్టుకోవడమే. స్టేషన్‌కొచ్చి నా పెట్టె లాక్కుని హాస్టల్‌కు తీసుకెళ్ళింది.

"చూడవే ఝాన్సీ," అంది గది తలుపు తీస్తూ. "మంచం నాది. నేల నీది. పొద్దున్నే నేను ప్రార్థన చేసుకుంటాను. అప్పుడు మాత్రం నోరు మూసుకోవాలి."

"మూసుకుంట. నువ్వు గట్టిగ చెయ్యకు మరి."

"నా కోసం మెల్లగానే చేస్తాను. నీ కోసం చేసేటప్పుడు గట్టిగా చెయ్యాలి. నీ కేసు మామూలు గొంతుకి అందేది కాదు."

ఆ హాస్టల్లో అతిథులు ఎక్కువ కాలం ఉండకూడదు. కట్టడం బాగోగులు చూసే ఆయన్ని హౌస్‌మైస్టర్ అంటారు. ఆయన ఒక రోజు నేల మీది నా పరుపు చూసి, ఎంతో మర్యాదగా, నెలాఖరు ఆదివారం దాకా చూడనట్టు ఉంటానన్నాడు. సోమవారం నుంచి చూస్తాడట.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ ముందు ఇల్లు, తర్వాతే మనిషి. ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే వీసా పొడిగింపు లేదు. పొడిగింపు లేకపోతే చదువు లేదు. "టెర్మిన్ దొరికిందా?" అంటే అపాయింట్‌మెంట్ దొరికిందా అని తెలుగు పిల్లలు ఒకరినొకరు పలకరించుకుంటారు, మనం "తిన్నవా?" అని అడిగినట్టు. నాకు టెర్మిన్ దొరికింది. నమోదు చేయించుకోవడానికి ఇల్లే లేదు.

ఆ నమోదులో మతం ఏమిటని కూడా అడుగుతారు. మతం రాసినవాళ్ళకు ఉద్యోగం రాగానే జీతంలోంచి చర్చి పన్ను కోస్తారు. లేదని రాస్తే ఎవరూ మారు మాట్లాడరు. నన్ను బళ్ళో చేర్చేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలినందుకు మా నాన్న హెడ్మాస్టరుతో పూటంతా పోట్లాడాల్సి వచ్చింది. అదే గడిలో ఒక ప్రభుత్వం చేత, ముద్ర వేయించి మరీ, "లేదు" అని రాయించుకోవాలని నా కోరిక. అందుకైనా నాకు గది కావాలి.

ఆదివారం మిక్సీ

మొదటి ఆదివారం గ్రేస్ చర్చికి వెళ్ళొచ్చి, వస్తూనే పల్లీ పచ్చడి చేద్దామని వేయించిన పల్లీలూ మిరపకాయలూ మిక్సీలో వేసింది. మిక్సీ కాకినాడలో కొన్నది. దాని గొంతు కాకినాడ దాకా వినిపిస్తుంది. రెండుసార్లు తిప్పిందో లేదో తలుపు చప్పుడైంది. పక్క గది కుర్రాడు పైజమాలో నిలబడి ఉన్నాడు.

"ఈ రోజు ఆదివారం," అన్నాడు.

"అవును," అంది గ్రేస్. "నీకూ శుభం కలగాలి."

"లేదు. ఆదివారం," అన్నాడు మళ్ళీ, ఈసారి మిక్సీ వైపు చూస్తూ.

ఆదివారం అక్కడ డ్రిల్లింగ్ చేయరు, గడ్డి కోసే యంత్రం నడపరు, ఖాళీ సీసాలు చెత్త డబ్బాలో వేస్తే గలగలమంటాయని అదీ చేయరు. కొట్లన్నీ మూసేస్తారు. ఒక దేశం దేశమంతా మడి కట్టుకుని కూర్చుంటుంది. నా నాలుక ఊరుకోలేదు.

"మీరు చర్చికి పోతారా?" అని అడిగాను అతన్ని.

"నేనా? ఎప్పుడూ పోలేదు."

"మరి ఆదివారం పవిత్రం ఎట్లైంది?"

"పవిత్రం కాదు. ఆదివారం. అంతే," అని, నా బుర్ర మీద జాలిపడినట్టు చూసి వెళ్ళిపోయాడు.

గ్రేస్ మంచం మీద కూలబడి నవ్వింది. "ఒసే, విశ్రాంతి దినం పాటించమన్న మాటని చర్చికెళ్ళొచ్చిన నేను మీరేను. చర్చి గుమ్మం తొక్కనోడు వచ్చి కాపలా కాసేడు. మా నాన్నకి చెప్తే వచ్చే వారం వాక్యం దీని మీదే చెప్తారు."

పచ్చడి సగం నలిగీ నలక్కుండా ఉంది. అలాగే తిన్నాం. పల్లీలు ఒకటొకటిగా పంటి కింద పడ్డాయి. శబ్దం రాకుండా నమలాలని గ్రేస్ హెచ్చరించింది.

మ్యూనిక్ సంత: పన్నెండయ్యేలోపు

గదుల వేటలో నేను రోజూ మ్యూనిక్‌కు పోయేదాన్ని. ఆ వేట పెళ్ళిచూపులకు తక్కువ కాదు. గది ఇచ్చేవాళ్ళు వరసగా పదిమందిని పిలుస్తారు. కాఫీ ఇచ్చి ప్రశ్నలు వేస్తారు. వండుతావా? వండితే వాసనొస్తుందా? ఉమ్మడి వంటగది తుడుస్తావా? తర్వాత "చెప్తాం" అంటారు. చెప్పరు. పెళ్ళిచూపుల్ని ఏవగించుకుంటూ మూడు వ్యాసాలు రాసిన నేను, ఒక గది కోసం ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, నవ్వుతూ కుర్చీ అంచున కూర్చున్నాను.

ఒక రోజు అలా ఒక చోట ఓడిపోయి సంతలోకి వచ్చాను. అక్కడ కొత్తిమీర కట్ట ధరకు సూర్యాపేట బస్టాండులో ఇద్దరు కడుపునిండా ఇడ్లీ తినొచ్చు. ఆకలికి సిద్ధాంతం లేదు కాబట్టి అందరూ తింటున్నదే నేనూ కొన్నాను: ఖీమా కూరి చేసి, వేడినీళ్ళ గిన్నెలో తేలేసిన తెల్లటి సాసేజీలు, ఉప్పురాళ్ళద్దిన ప్రెట్జెల్ రొట్టె, తియ్యటి ఆవపిండి. ఆవపిండి తియ్యగా ఉండటమేమిటని అడక్కండి. ఆవకాయలో ఎవరో బెల్లం కలిపి పారిపోయినట్టు ఉంటుంది. మూడో ముద్దకు బాగుంటుంది.

అదే బల్ల దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. రిటైరైన ట్రామ్ డ్రైవరట. సాసేజీ తోలు వలవడం చేతకాక నేను తంటాలు పడుతుంటే, నా చేతిలోంచి కత్తి తీసుకుని నిలువునా చీల్చి వలిచి చూపించి, కత్తి తిరిగిచ్చాడు. తర్వాత గోపురం మీది గడియారం చూసి, "తొందరగా కానివ్వండి. పన్నెండు కావస్తోంది," అన్నాడు.

"పన్నెండైతే ఏమవుతుంది?"

"చర్చిలో కొట్టే మధ్యాహ్నం గంట ఈ సాసేజీ వినకూడదు."

"సాసేజీకి చెవులున్నాయా?"

"లేవు. అందుకే మనమే చూసుకోవాలి."

నేను కత్తి కింద పెట్టాను. కారణం చెప్పమన్నాను. పాపం చెప్పాడు. వెనకటి రోజుల్లో ఫ్రిజ్‌లు ఉండేవి కావు, పొద్దున చేసిన సాసేజీ మధ్యాహ్నానికి పాడయ్యేది.

"ఇప్పుడు ఫ్రిజ్‌లున్నాయి కదా?"

"ఉన్నాయి. మా ఇంట్లో రెండున్నాయి."

"మరి ఒంటి గంటకు తినొచ్చు కదా?"

ఆయన చాలాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "తినొచ్చు," అన్నాడు. "కానీ ఎవరు తింటారు?"

ఆ సాయంత్రం నాన్నకు మెసేజ్ పెట్టాను: దొరికిండు. మనదగ్గరా ఇంతే కదా అని నాకు ఒకటే సంబరం. కారణం చచ్చిపోయి ఎన్నేళ్ళయినా ఆచారం బట్టలు మార్చుకుని తిరుగుతూనే ఉంటుంది. ఆ గెలుపు నా తలకెక్కింది. తర్వాతి తప్పుకు పునాది అక్కడే పడింది.

ఫ్రావ్ లిండ్‌నర్ వంటగది

నెలాఖరు గురువారం ఒక మంచి గది చూడటానికి పిలుపొచ్చింది. యూ-బాన్ స్టేషన్‌కు దగ్గర, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీలోంచి చెట్లు. ఇంటావిడ ఫ్రావ్ లిండ్‌నర్. ఫ్రావ్ అంటే శ్రీమతి. హైస్కూల్లో భూగోళం, ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక రెండు గదులు అద్దెకిస్తున్నారు. ఒక దాంట్లో యోనాస్ అనే కుర్రాడు ఉంటున్నాడు. గార్చింగ్‌లో లేజర్ల మీద పరిశోధన చేస్తాడు. రెండోది ఖాళీ.

ఆవిడ ప్లమ్ పళ్ళు పరిచి కాల్చిన కేకు పెట్టారు. పుల్లగా, మా చింతకాయంత నిజాయితీగా ఉంది. గది కిటికీ రోజుకు ఎన్నిసార్లు తెరుస్తావని అడిగారు. చలిలో కూడా తెరవాలట, గాలి మారాలట. తెరుస్తానన్నాను. చెత్త వేరు చేయడం తెలుసా అన్నారు. గ్రేస్ దగ్గర నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. ఇంగువ గురించి నేనే ముందుగా చెప్పేశాను. ఆవిడ నా సంచిలోంచి డబ్బా తీయించి, మూత తీసి వాసన చూసి, "నేను నలభై ఏళ్ళు ఎనిమిదో తరగతి పిల్లల గదిలో బతికాను. ఇది నన్నేం చేయలేదు," అన్నారు.

అంతా బాగా జరుగుతోంది. యోనాస్ నావైపు చూసి తలూపాడు కూడా. లేచి కోటు వేసుకుంటుంటే గోడ మీద క్యాలెండర్ కనిపించింది. శనివారం చుట్టూ ఎర్ర సున్నా, దాంట్లో "ఉర్సులా 70".

ఉర్సులా ఆవిడ పేరు. ఇంకేం కావాలి? మన దగ్గర ఎమ్మెల్యే పుట్టినరోజుకు వారం ముందే ఫ్లెక్సీలు కట్టేస్తారు. మా క్లాసు గ్రూపులో అసలు రోజున ఎవరూ మాట్లాడరు, అందరూ ముందు రోజే "అడ్వాన్స్" అని చెప్పేసి ఉంటారు. ముందు చెప్పినవాళ్ళకే ఎక్కువ ప్రేమ ఉన్నట్టు లెక్క. నేను ఫ్రావ్ లిండ్‌నర్ రెండు చేతులూ పట్టుకుని, మనస్ఫూర్తిగా, "అడ్వాన్స్‌గా డెబ్బయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు" అన్నాను.



ఆవిడ చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. యోనాస్ బల్ల మీద వేళ్ళ కణుపులతో మూడుసార్లు టకటకా కొట్టాడు.

"ఏమైంది?" అన్నాను.

"మా దగ్గర ముందుగా చెప్పరు," అన్నాడు యోనాస్ గొంతు తగ్గించి. "కీడు. చెక్క మీద కొడితే తగలదంటారు."

"నువ్వు లేజర్లతో పనిచేస్తావు కదా?"

"అవును."

"నమ్ముతావా దీన్ని?"

"నమ్మను. కొడితే పోయేదేముంది?"

ఆ మాట నేను ఎక్కడ విన్నానో నాకు బాగా తెలుసు. సూర్యాపేట ఆటో స్టాండులో, బండికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టే డ్రైవర్ నోట: "నమ్మకం కాదక్కా, కడితే పోయేదేముంది?" ఏడు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి అదే వాక్యం వింటే, మంచి తర్ఫీదు పొందిన మనిషి ఎవరైనా ఏం చేస్తారు? గది తీసుకుని నోరు మూసుకుంటారు. నేను మళ్ళీ కూర్చున్నాను.

కోటు విప్పకుండానే వాదించాను. పుట్టినరోజంటే భూమి సూర్యుడి చుట్టూ ఇంకో చుట్టు తిరిగొచ్చిన రోజు, నా మాట విని భూమి ఆగదు అన్నాను. మా దగ్గర చెడు మాట అనకూడదంటారు, తథాస్తు దేవతలు వింటారని. మీ దగ్గర మంచి మాట కూడా ముందుగా అనకూడదా, మీ దేవతలు మా వాళ్ళకన్నా మొండివాళ్ళలా ఉన్నారే అన్నాను. ముందుగా శుభాకాంక్షలు చెప్పించుకున్న ఇన్ని కోట్లమంది భారతీయులం బతికే ఉన్నాం, ఇంతకన్నా పెద్ద ప్రయోగం ఎవరు చేస్తారు అన్నాను. శనివారం మీకు ఏమీ కాదు, నాదీ పూచీ అని బల్ల కూడా గుద్దాను.

ఫ్రావ్ లిండ్‌నర్ కాఫీలో చెంచా తిప్పుతూ అంతా విన్నారు. చెంచా పక్కన పెట్టి, "మీరు బాగా మాట్లాడతారు," అన్నారు. "శనివారం మధ్యాహ్నం కాఫీకి రండి. గది సంగతి అప్పుడు చెప్తాను."

కిందిదాకా దిగబెట్టడానికి వచ్చిన యోనాస్ మెట్ల మీద నిజం చెప్పాడు. ఈ గదికి ఇంకొకడు పోటీలో ఉన్నాడు. స్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన కుర్రాడు. అసలు మాట్లాడడు. పియానో వాయిస్తాడు, అది కూడా కరెంటు పియానో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని.

శుక్రవారం

"ఏంటీ?" అంది గ్రేస్, చేతిలో గరిటె అలాగే పట్టుకుని. "గది అడగడానికెళ్ళి, డెబ్బయ్యేళ్ళావిడకి ఆయుష్షు మీద ఉపన్యాసం ఇచ్చొచ్చేవా?"

"ఆయుష్షు మీద కాదు. కార్యకారణం మీద."

"సోమవారం నీ పరుపు హౌస్‌మైస్టర్ రోడ్డు మీద పడేస్తాడు కదా, అప్పుడు దాని మీద కూర్చుని కార్యకారణం గురించి ఆలోచించు."

శుక్రవారం క్లాసులో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బయట సన్నగా వాన పడుతోంది. రాలిన ఆకులు తడిసి, కాలిబాటంతా జారుతోంది. డెబ్బయ్యేళ్ళావిడ, లిఫ్టు లేని మూడంతస్తులు. ఏమీ కాదని పూచీ పడ్డది నేను. నా జీవితంలో ఒక మనిషి ఆరోగ్యం గురించి అంత శ్రద్ధగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆగలేక యోనాస్‌కు మెసేజ్ పెట్టాను: వాన పడుతోంది, ఫ్రావ్ లిండ్‌నర్ ఈ రోజు బయటికి వెళ్తున్నారా?

"ఎందుకు?" అని జవాబొచ్చింది.

ఎందుకని చెప్పను? మూఢనమ్మకం అబద్ధమని రుజువయ్యేదాకా ఆవిడను కదలకుండా కూర్చోబెట్టమని చెప్పనా?

సాయంత్రం ఇంకో మెసేజ్ వచ్చింది. "ఉర్సులా పడిపోయింది. నిచ్చెన మీంచి. ఆస్పత్రిలో ఉన్నాం. ఎడమ మణికట్టు."

ఫోన్ గ్రేస్‌కు ఇచ్చి నేల మీద కూర్చున్నాను. గ్రేస్ చదివింది, ఒక్క మాట కూడా ఎగతాళి చేయకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చెయ్యి కోసం ప్రార్థన చేసింది. గట్టిగానే చేసింది. నేను నోరు మూసుకున్నాను.

లేచాక అడిగింది: "రేపు ఎల్తావా?"

"పోత."

"పోయి ఏం చెప్తావే?"

"యాదృచ్ఛికం అని చెప్త. ఎవరైనా నిచ్చెన ఎక్కితే పడొచ్చు. నా మాట పోయి నిచ్చెనను తొయ్యలేదు."

"ముందు ఎలా ఉన్నారని అడుగు," అంది గ్రేస్. "తర్వాత తోద్దువుగాని ఎవర్ని తోయాలో." వాళ్ళమ్మ పంపిన సున్నుండల్లో సగం డబ్బాలో సర్ది ఇచ్చింది.

పూల కొట్టు

శనివారం స్టేషన్ పక్క పూల కొట్టులో ఆగాను. బంగారు రంగు చామంతులు బకెట్ల నిండా ఉన్నాయి. మన దగ్గర చామంతి లేని శుభకార్యం ఉందా? ఒక పెద్ద కట్ట ఎత్తుకుని గల్లా దగ్గరికి వెళ్ళాను.

కొట్టు ఆవిడ నా ముఖంలోకి సానుభూతిగా చూసింది. "సమాధి మీదికా?"

"కాదు. పుట్టినరోజుకు."

"ఎన్నో పుట్టినరోజు?"

"డెబ్బయ్యోది."

ఆవిడ ఇంకేమీ అనకుండా బల్ల చుట్టూ తిరిగొచ్చి, పసిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు, నా చేతుల్లోంచి చామంతులు తీసేసుకుంది. ఆ నెలాఖరులో అక్కడివాళ్ళు పెద్దల సమాధులకు పట్టుకెళ్ళే పూలట అవి. పువ్వుకు శోకం ఎక్కడిది, అది మనం అంటగట్టిందే కదా అన్న వాదన నా గొంతుదాకా వచ్చింది. గులాబీలు కొనుక్కుని బయటపడ్డాను. నేను వాదించకుండా వదిలేసిన మొదటి ఆచారం అది. మా సంఘం వాళ్ళు క్షమించాలి.

నిచ్చెన

తలుపు ఫ్రావ్ లిండ్‌నర్ తీశారు. ఎడమ చేతికి మోచేతిదాకా కట్టు, మీద నీలం రంగు పట్టీ.

"ఎలా ఉన్నారు?" అన్నాను ముందు. గ్రేస్ చెప్పినట్టే.

"సన్నగా చిట్లిందట. ఆరు వారాలు. ఇప్పుడు చెప్పండి, ఇప్పుడు చెప్పొచ్చు."

శుభాకాంక్షలు చెప్పాను. ఆవిడ నన్ను వంటగదిలో కూర్చోబెట్టారు. యోనాస్ సున్నుండ కొరికి, నోట్లో పిండి అంటుకుపోయి కాసేపు మాట్లాడలేకపోయాడు. ఆ మౌనంలో నేను సిద్ధం చేసుకున్నది మొదలుపెట్టాను. రెండు సంఘటనలు ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదనీ...

"ఆగండి," అన్నారు ఆవిడ, నలభై ఏళ్ళు తరగతి గదులు ఆపిన గొంతుతో. "నేను నిచ్చెన ఎందుకెక్కానో అడగరా?"

అడగలేదు నేను. రెండు రోజులుగా నా వాదన గురించే ఆలోచించాను గానీ ఆ ప్రశ్న తట్టలేదు.

"ఎందుకు ఎక్కారు?"

"ఆ ఖాళీ గదిలో బీరువా మీద నా పాత భూగోళ పటాలున్నాయి. బడి మూలన పడేస్తుంటే తెచ్చుకున్నవి. చుట్టలు చుట్టలుగా పైకప్పు దాకా ఉన్నాయి. అవి దించుతూ పడ్డాను."

"ఎందుకు దించుతున్నారు?"

"బీరువా కావాలి కదా, గదిలోకి వచ్చే మనిషికి."

"పియానో అబ్బాయికా?"

"అతనికి బీరువా అక్కర్లేదు. రెండు చొక్కాలున్నాయి, వస్తువులు ఎక్కడివక్కడే ఉండనివ్వండి అన్నాడు. చాలా మంచి పిల్లవాడు. బుధవారం దాకా గది అతనిదే." ఆవిడ కుడి చేత్తో నా వైపు కాఫీ జరిపారు. "గురువారం మీరు వెళ్ళాక యోనాస్‌తో అన్నాను. మా ఆయన పోయాక ఈ బల్ల దగ్గర కూర్చుని, నా కేకు తింటూ, నాది తప్పని చెప్పిన మనిషి ఒక్కరూ లేరు. అందరూ అవునంటారు. అవును, అవును. ఇల్లు చలికాలం కన్నా చల్లగా అయిపోయింది. ఈ అమ్మాయినే తెచ్చుకుంటాను అన్నాను. శుక్రవారం మధ్యాహ్నం నిచ్చెన వేశాను."

గది నాదని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆనందించేలోపే ఆవిడ చూపుడువేలు ఎత్తారు.

"ఇప్పుడు వినండి. మీరు ముందుగా శుభాకాంక్షలు చెప్పకపోతే మనకు వాదన వచ్చేదా?"

"వచ్చేది కాదు."

"వాదన రాకపోతే గది ఎవరికిచ్చేదాన్ని?"

"పియానో అబ్బాయికి."

"అతను వస్తే నేను పటాలు దించేదాన్నా?"

"...లేదు."

"దించకపోతే పడేదాన్నా?"

నేను కాఫీ కప్పు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"కాబట్టి," అన్నారు ఫ్రావ్ లిండ్‌నర్, ఎంతో తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి, "ముందుగా చెప్తే కీడు జరుగుతుంది. రుజువైంది."

నేను కన్నం కోసం వెతికాను. ఎక్కడో ఉంది కన్నం, ఉండి తీరాలి. చిన్నప్పటి నుంచి ఎందరో బాబాలకు, జ్యోతిష్కులకు, వాస్తు పండితులకు కన్నాలు పెట్టిన బుర్ర ఇది. "అది కీడు కాదు," అన్నాను చివరికి. "అది కారణాల వరస. మీ ఇష్టం వల్ల మీరు నిచ్చెన ఎక్కారు. దాంట్లో అదృష్టం, దురదృష్టం అనేదేమీ లేదు."

"పేరు మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి. చిట్లింది నా చెయ్యి."

యోనాస్ సున్నుండ మింగి, తీర్పరిలా తలూపాడు. "ఇది ఆమె గెలిచింది," అన్నాడు నాతో.

పాఠకులు నన్ను నమ్మాలి, అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. తర్వాతి రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆ వాదన మళ్ళీ మళ్ళీ ఎత్తాను. మూడు రకాల కన్నాలు కనిపెట్టాను. ప్రతిసారీ ఆవిడ నయమైన చెయ్యి ఎత్తి చూపించి నోరు మూయించేవారు.

కాఫీ అయ్యాక ఆవిడ లేచారు. "ఇక నుంచి నన్ను ఉర్సులా అను. నేనూ నిన్ను నువ్వంటాను. ఇక్కడ అది పెద్దవాళ్ళే ముందు చెప్పాలి, ఇది కూడా మూఢనమ్మకమేనా అని అడక్కు. కోటు విప్పు. పటాలు సగం పైనే ఉన్నాయి."

గదిలో నిచ్చెన నిన్నటి చోటే ఉంది. ఎక్కాను. దుమ్ము పట్టిన చుట్టలు ఒకటొకటిగా అందిస్తుంటే యోనాస్ కింద అందుకుంటున్నాడు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఇప్పుడు లేని దేశాలతో నిండిన పాత ఐరోపా. ఉర్సులా కట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని గుమ్మంలో నిలబడి, ఏది ఎక్కడ పెట్టాలో చెబుతున్నారు. గోడ మూలకు జరిగిన ఆసియా కోసం నేను ఒంటికాలి మీద వంగాను.

"చూసుకుని," అన్నారు ఆవిడ కింద నుంచి. "నువ్వు కూడా పడితే ఆ పియానో అబ్బాయికి ఫోన్ చేయాల్సొస్తుంది."

ఆసియాను వదిలేసి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాను.